చెట్టుకూ చెట్టుకూ మధ్య ఎంత ఎడం?

(బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి, సీతాఫల్‌మండి)

ఎకరం నేలలో ఎన్ని చెట్లు పెట్టాలి? వినడానికి ఇది చాలా చిన్న ప్రశ్న. పలకా బలపం ఉంటే చాలు, లెక్క తేలిపోతుందనిపిస్తుంది. కాని ఈ చిన్న ప్రశ్న దగ్గర జర్మనీ అడవి అధికారులు ఆగారు, జపాను వృక్షశాస్త్రజ్ఞులు ఆగారు, భద్రాచలం వైపు మా జామాయిల్ రైతులు ఇప్పటికీ ఆగుతున్నారు. కారణం ఒక్కటే. తోటలో ఏ చెట్టూ ఒంటరిగా పెరగదు. దాని పక్కన ఇంకో చెట్టు ఉంటుంది. ఆ పక్క చెట్టు ఎంత దూరంలో ఉంది, ఎంత లావుగా ఉంది అన్నదాన్ని బట్టే మన చెట్టు జాతకం ఉంటుంది.

ఈ విషయం నాకు తరగతి గదిలో కన్నా ముందు మా ఇంట్లోనే పరిచయమైంది. మాది బూర్గంపహాడ్ వైపు వ్యవసాయ కుటుంబం. ఉన్న నేలలో నాలుగెకరాల చలకలో జామాయిల్ తోట ఉండేది. తోట కోసి, మోళ్లు తీయించి, మళ్లీ కొత్త మొక్క పెట్టవలసి వచ్చింది. మోళ్లు తీయించడానికే కొంత అప్పు అయింది. మళ్లీ నాలుగైదేళ్ల దాకా ఆ నేల మీద వచ్చే డబ్బు ఆ ఒక్క కోతలోనే. చెల్లెలి పై చదువు కూడా ఆ కోత మీదే ఆధారపడి ఉంది. అందుచేత "ఎంత ఎడం?" అన్న ప్రశ్న మాకు పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న కాదు. దాని గురించి నేను చదివి, మా వాళ్లకు చెప్పినదంతా ఇక్కడ మిత్రులకు కూడా చెప్పదలచుకున్నాను.

పోటీ దేనికోసం?

చెట్టుకు ముఖ్యంగా కావలసినవి నాలుగు: వెలుతురు, నీరు, నేలలోని పోషకాలు, గాలిలోని బొగ్గుపులుసు వాయువు. గాలి అన్ని చెట్లకూ సరిపడా ఉంది, దానికోసం కొట్లాట లేదు. మిగిలిన మూడింటికే పోటీ. అయితే ఈ పోటీ అంతా ఒకే తీరు కాదు.

సీతాఫల్‌మండిలో మేము అద్దెకుంటున్న గదిలో నలుగురం. గదికి ఒక కిటికీ, వరండా చివర ఒక కుళాయి. కుళాయి దగ్గర బకెట్ పెద్దదైనవాడికి కాస్త ఎక్కువ, చిన్నదైనవాడికి కాస్త తక్కువ. మొత్తానికి అందరికీ ఎంతో కొంత దక్కుతుంది. కిటికీ సంగతి అలా కాదు. కిటికీ పక్కన మంచం వేసుకున్నవాడిదే గాలీ వెలుతురూ. అతడు లేచి నిలబడ్డాడంటే వెనక ముగ్గురికీ పుస్తకం కనపడదు. వెనక ముగ్గురూ లేచి నిలబడినా అతడికి పోయేదేమీ లేదు.

చెట్ల మధ్య నీటి కోసం, పోషకాల కోసం నేల లోపల జరిగే పోటీ కుళాయి దగ్గరి పోటీ వంటిది. ఎవరి వేర్లు ఎంత ఉంటే వారి వాటా అంత. దీన్ని సౌష్ఠవ పోటీ అంటారు. వెలుతురు కోసం జరిగేది కిటికీ దగ్గరి పోటీ. ఎండ పైనుంచి వస్తుంది కనుక పై చెట్టు కింది చెట్టుకు నీడ చేస్తుంది గాని, కింది చెట్టు పై చెట్టును ఏమీ చేయలేదు. ఇది అసౌష్ఠవ పోటీ. పక్కవాడికన్నా జానెడు ఎత్తున్న మొక్క జానెడు ఎక్కువ వెలుతురుతో సరిపెట్టుకోదు. చాలా ఎక్కువ తీసుకుంటుంది. ఆ వెలుతురుతో ఇంకా ఎదుగుతుంది. వచ్చే ఏడు తేడా జానెడు కాదు, బారెడు. వడ్డీకి వడ్డీ పెరిగినట్టే.

అందుకే ఒకే రోజు నాటిన గింజ మొక్కల తోటలో నాలుగేళ్లకు ఒకటి తొడంత లావు, దాని పక్కది మణికట్టంత లావు ఉంటాయి. మా ఊళ్లో దీన్ని "ఆ మొక్క గింజ మంచిది కాదురా" అని కొట్టిపారేస్తారు. గింజ కారణం కొంత ఉండొచ్చు. మొదట్లో ఉన్న ఆ చిన్న తేడాను పెద్దది చేసింది మాత్రం పక్క చెట్టు.

చెట్టు పక్కవాడిని ముందే పసిగడుతుంది

మీద నీడ పడితేనే మొక్కకు పక్కవాడు ఉన్నట్టు తెలుస్తుందని మనం అనుకుంటాం. అది నిజం కాదు. ఆకులోని పత్రహరితం ఎర్ర వెలుతురును బాగా పీల్చుకుంటుంది. దానికి అవతల ఉండే, మన కంటికి సరిగా కనపడని సుదూర ఎరుపు కిరణాలను మాత్రం చాలావరకు తిప్పికొడుతుంది. కనుక ఆకుల మధ్య తిరిగే వెలుతురులో ఎరుపు తగ్గి సుదూర ఎరుపు ఎక్కువవుతుంది. మొక్కలో ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఈ తేడాను గుర్తిస్తుంది. 1990లో అర్జెంటీనా శాస్త్రజ్ఞుడు బల్లారే, ఆయన సహచరులు ఉమ్మెత్త, ఆవ జాతుల మొక్కలతో దీన్ని చూపించారు. పక్క మొక్క ఆకుల నుంచి తిరిగివచ్చే సుదూర ఎరుపు కాండానికి తగలగానే, ఇంకా నీడ పడకముందే, ఆ కాండం పొడుగు సాగడం మొదలుపెట్టింది.

ఇలా సాగడానికి పెట్టుబడి ఎక్కడి నుంచి వస్తుంది? వేరుకు, లావుకు పోవలసిన ఆహారం నుంచే వస్తుంది. ఒత్తుగా వేసిన తోటలో చెట్లు సన్నగా, పొడుగ్గా, అలుగు పుల్లల్లా ఉండటానికి మొదటి కారణం ఇదే. అలాంటి సన్నటి చెట్లు ఒకదానికొకటి ఆనుకొని గాలివానకు నిలబడతాయి. నాలుగైదేళ్ల తర్వాత ఒక్కసారిగా పక్కవాటిని నరికి పలచన చేస్తే, మిగిలినవి ఈదురుగాలికి వంగిపోవచ్చు, విరిగిపోవచ్చు. పలచన చేయదలిస్తే వేళకు చేయాలి, కొంచెం కొంచెంగా చేయాలి.

ఎత్తు పెద్దగా తగ్గదు, లావు తగ్గుతుంది

ఇది రైతు బాగా గుర్తుపెట్టుకోవలసిన మాట. తోటలో అన్నిటికన్నా పైన ఉన్న చెట్ల ఎత్తు చాలావరకు నేల బలాన్ని బట్టి ఉంటుంది. మరీ ఒత్తుగానో మరీ పలచగానో వేస్తే తప్ప ఎడాన్ని బట్టి అది పెద్దగా మారదు. అందుకే అడవి శాఖ వాళ్లు నేల బలం అంచనా కట్టడానికి పై చెట్ల ఎత్తునే చూస్తారు. లావు అలా కాదు. పక్కవాడు ఒక అడుగు దగ్గరికి జరిగాడంటే ముందు దెబ్బ తగిలేది లావుకే.

లావు కొలవడానికి ఒక పద్ధతి ఉంది. మన దేశంలో నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే నాలుగున్నర అడుగుల దగ్గర, టేపు చుట్టి చుట్టుకొలత తీస్తారు. దాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. కర్ర పరిమాణం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఎత్తు ఒకటే అనుకుంటే, 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చెట్టుకన్నా 14 సెంటీమీటర్ల చెట్టులో కర్ర దాదాపు రెట్టింపు. చూపుకు నాలుగు సెంటీమీటర్లే తేడా. తూకం వేసేటప్పుడు ఒకటికి రెండు.

నేల మోసేది ఇంతే

ఇక్కడ మిత్రులకు ఒక సందేహం రావచ్చు. చెట్టు సన్నగా ఉంటేనేం, చెట్లు ఎక్కువ ఉన్నాయి కదా, మొత్తం బరువు ఎక్కువే వస్తుంది కదా? మా నాన్న అడిగింది కూడా అదే. "ఎక్కువ మొక్క పెడితే ఎక్కువ టన్నులే కదరా!"

దీనికి జపాను శాస్త్రజ్ఞుడు కిరా, ఆయన సహచరులు 1953లోనే జవాబు చెప్పారు. ఒకే జాతి మొక్కలను రకరకాల ఒత్తులో పెంచి చూస్తే, మొదట్లో ఒత్తుగా ఉన్న మడిలో బరువు ఎక్కువ. రోజులు గడిచే కొద్దీ పలచటి మడులు కూడా దాన్ని అందుకుంటాయి. చివరికి ఒక హద్దు దాటిన ఒత్తులన్నిటికీ మొత్తం బరువు ఇంచుమించు సమానం. ఎకరానికి వచ్చే ఎండ, వాన, పోషకాలు ఇంతే. మొక్కల సంఖ్య పెంచితే రొట్టె పెరగదు, ముక్కలు చిన్నవవుతాయి.

తోటను అలాగే ఇంకా వదిలేస్తే ఏమవుతుంది? చావులు మొదలవుతాయి. బతికినవి పెద్దవి కావాలంటే కొన్ని పోవాలి. దీన్ని స్వయంగా పలచబడటం అంటారు. 1963లో యోడా, ఆయన సహచరులు దీనికి ఒక సూత్రం ఇచ్చారు. దాని ప్రకారం మొక్కల సంఖ్య నాలుగో వంతుకు తగ్గేసరికి ఒక్కో మొక్క సగటు బరువు ఎనిమిది రెట్లవుతుంది. అంటే మొత్తం బరువు రెండు రెట్లు. ఈ లెక్క అన్ని జాతులకూ అచ్చు గుద్దినట్టు సరిపోదని తర్వాతి పరిశోధనలు చూపించాయి గాని, దారి మాత్రం అదే.

అంతకు ముప్పయి ఏళ్ల ముందే, 1933లో, అమెరికాలో రీనెకె అనే అటవీ శాస్త్రజ్ఞుడు నిండుగా ఉన్న తోటల కొలతలు తీసి ఇలాంటి మాటే చెప్పాడు. సగటు వ్యాసం రెట్టింపయ్యేసరికి ఆ నేల మోయగల చెట్ల సంఖ్య మూడో వంతుకు పడిపోతుంది. ఒక చెట్టు చావడమంటే అప్పటిదాకా అది తాగిన నీళ్లు, తిన్న ఎరువు, దానికి పెట్టిన కూలి అన్నీ పోయినట్టే. రైతు చేసే పలచన, చెట్టు చనిపోకముందే దాన్ని డబ్బుగా మార్చుకోవడం. ప్రకృతి చేసే పలచనలో ఆ డబ్బు చేతికి రాదు.

మన జొన్న రైతు ఈ సూత్రం ఏ పుస్తకంలోనూ చదవలేదు. అయినా చేను మొలిచిన కొద్ది రోజులకే ఒత్తు మొక్కలు పీకేస్తాడు. జొన్నకు చేసిన పనిని చెట్టుకు చేయడానికి మాత్రం మనసొప్పదు. మూడేళ్లు పెంచిన చెట్టు మీద గొడ్డలి వేయడం ఎవరికైనా కష్టమే. ఆ కష్టం పడే అవసరం రాకుండా ఉండాలంటే నాటే రోజే ఆలోచించాలి.

పక్కవాడి బలాన్ని కొలవడం ఎలా?

పోటీ ఉందని చెప్పడం వేరు, ఎంత ఉందో చెప్పడం వేరు. జర్మనీలో క్రాఫ్ట్ 1884లో చెట్లను వాటి తలల స్థానాన్ని బట్టి తరగతులుగా విడదీశాడు. అందరికన్నా పైన ఉన్నవి, వాటి సరసన ఉన్నవి, మధ్యలో ఇరుక్కున్నవి, పూర్తిగా అణగిపోయినవి. ఇప్పటికీ పలచన చేసేవాళ్లు స్థూలంగా ఈ వరుసనే వాడతారు.

అంకెలు కావాలనుకునేవారికి 1974లో కెనడాలో హెగ్యి ఒక తేలిక లెక్క ఇచ్చాడు. పక్క చెట్టు వ్యాసాన్ని మన చెట్టు వ్యాసంతో భాగించాలి. వచ్చిన దాన్ని రెండిటి మధ్య దూరంతో భాగించాలి. దగ్గర్లో ఉన్న చెట్లన్నిటికీ ఇలాగే చేసి కూడాలి. మొత్తం ఎంత ఎక్కువైతే మన చెట్టు మీద అంత ఒత్తిడి.

ఒక ఉదాహరణ చూద్దాం. మన చెట్టు వ్యాసం 10 సెంటీమీటర్లనుకోండి. సాలులో అటూ ఇటూ 2 మీటర్ల దూరంలో రెండు చెట్లు, ఒకటి 10, ఒకటి 14 సెంటీమీటర్లు. పక్క సాళ్లలో 3 మీటర్ల దూరంలో రెండు, ఒకటి 10, ఒకటి 15. లెక్క ఇలా వస్తుంది: 0.50, 0.70, 0.33, 0.50. మొత్తం 2.03. ఇప్పుడు అదే తోటలో 15 సెంటీమీటర్ల చెట్టును తీసుకొని, దాని చుట్టూ అవే దూరాల్లో 10 సెంటీమీటర్ల చెట్లు నాలుగు ఉన్నాయనుకుందాం. మొత్తం 1.11 మాత్రమే. ఎడం ఒకటే అయినా బలహీనుడి మీద ఒత్తిడి దాదాపు రెట్టింపు. ఒక టేపు, ఒక నోటుపుస్తకం ఉంటే ఈ లెక్క ఎవరైనా చేయవచ్చు.

ఈ లెక్క చెప్పే ఇంకో విషయం గెట్టు మీది చెట్టు. దానికి ఒక వైపు పక్కవాళ్లే లేరు. అందుకే ప్రతి తోటలోనూ అంచు సాలు లావుగా ఉంటుంది. తోట కొనడానికి వచ్చేవాడికి అంచు చెట్లు చూపించి ధర చెప్పడం అమ్మేవాళ్ల నేర్పు. లోపలికి నాలుగు సాళ్లు నడిచి చూడటం కొనేవాళ్ల తెలివి.

మన తోటల్లో ఎడం

మన తెలుగు నేల మీద చూస్తే ఒక్కో తోటకు ఒక్కో ఎడం కనిపిస్తుంది.

సరుగుడు: కోస్తా ఇసుక నేలల్లో మీటరుకు ఒకటి చొప్పున కూడా వేస్తారు. ఎకరానికి 4,000 పైచిలుకు. చూసినవాళ్లు ఇదేం ఒత్తు అనుకుంటారు. కాని పందిళ్లకు, ఇళ్లు కట్టేచోట పరంజాలకు సన్నగా తిన్నగా ఉన్న బాదులే కావాలి. ఒత్తులో పక్క కొమ్మలకు వెలుతురు అందక ఎండి రాలిపోతాయి. కాండం నున్నగా తయారవుతుంది. ఇక్కడ పోటీ రైతుకు కూలి అడగని పనివాడు.

టేకు: దీనికీ చిన్నప్పుడు ఒత్తు కావాలి. ఒంటరిగా పెరిగిన టేకు కింది నుంచే కొమ్మలు వేస్తుంది. చెక్కలో ముడులు పడతాయి. పెద్దయ్యాక మాత్రం ఎడం కావాలి. కేరళలోని నీలంబూరులో 1840లలో కలెక్టరు కనోలీ, ఆయన కింద పనిచేసిన చాతు మేనన్ టేకు తోటలు వేయించిన నాటి నుంచి మన దేశంలో టేకు పెంపకానికి పెద్ద చరిత్ర ఉంది. సాధారణంగా 2 మీటర్లకు 2 మీటర్లు, అంటే హెక్టారుకు 2,500 నాటి, నాలుగైదేళ్లకు ఒకసారి, పదేళ్ల వయసులో మరోసారి సగం సగం తీసేస్తారు. టేకు నాటి పలచన చేయకుండా ఇరవై ఏళ్లు చూస్తూ కూర్చుంటే చేతికొచ్చేవి దూలాలు కావు, వాసాలే.

పామాయిల్: అశ్వారావుపేట, దమ్మపేట వైపు వెళ్లినవారికి ఈ తోటలు తెలుసు. 9 మీటర్ల ఎడంతో ముక్కోణంగా నాటుతారు. హెక్టారుకు 143, ఎకరానికి 57. ముక్కోణంలో ప్రతి చెట్టుకూ ఆరుగురు పక్కవాళ్లు, ఆరుగురూ సమాన దూరంలో. పండు కావాలంటే ఆకుకు వెలుతురు కావాలి కనుక ఇక్కడ పోటీని వీలైనంత తగ్గించారు.

జామాయిల్: సారపాకలో భద్రాచలం కాగితపు మిల్లు 1979లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1980ల చివరి నుంచి అక్కడ ఎంపిక చేసిన మంచి చెట్ల కొమ్మల నుంచి క్లోను మొక్కలు తయారుచేయడం పెద్ద ఎత్తున సాగింది. "భద్రాచలం క్లోన్లు" అన్న పేరు దేశమంతా తెలుసు. మా వైపు రైతులు 3 మీటర్లకు 2 మీటర్లు, లేదా 3 మీటర్లకు ఒకటిన్నర మీటర్లు వేస్తుంటారు. మొదటి లెక్కన ఎకరానికి 674, రెండో లెక్కన 899.

క్లోను తోటలో పోటీకి ఒక ప్రత్యేకత ఉంది. అన్నీ ఒకే చెట్టు నుంచి వచ్చినవే కనుక బలవంతుడు బలహీనుడు అన్న తేడా పెద్దగా ఉండదు. గింజ మొక్కల తోటలో కొన్ని ఓడిపోయి మిగిలినవాటికి దారి వదులుతాయి. క్లోను తోటలో ఎవరూ తగ్గరు. ఒత్తు ఎక్కువైతే అన్నీ కలిసి సన్నబడతాయి. చూడటానికి తోట ఏకరీతిగా, ముచ్చటగా ఉంటుంది. నష్టం కంటికి కనపడదు. అందుకే క్లోను మొక్కకు ఎడం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి.

చచ్చిన మొక్కల స్థానంలో కొత్తవి పెట్టడం కూడా మొదటి నెలా రెండు నెలల్లోనే జరగాలి. ఏడాది తర్వాత పెట్టిన మొక్క, అప్పటికే పైకి లేచిన అన్నల మధ్య పుట్టిన తమ్ముడి వంటిది. దానికి కిటికీ ఎప్పటికీ దొరకదు. కోసిన మోడు నుంచి వచ్చే పిలకల మధ్య కూడా ఇదే పోటీ. ఒక వేరు వ్యవస్థ మీద పది పిలకలు లేస్తాయి. ఒకటో రెండో బలమైనవి ఉంచి మిగతావి తీసేయాలంటారు అందుకే.

గెట్టు అవతలి పోటీ

ఇంతవరకు చెట్టుకూ చెట్టుకూ పోటీ చెప్పుకున్నాం. జామాయిల్ వేరు గెట్టు దగ్గర ఆగదు. మా తోట పక్కన బాబాయి పత్తి చేను. మా అంచు సాలు ఎంత లావుగా ఉండేదో, దాని పక్కన ఆయన పత్తి అంత గిడసబారి ఉండేది. "మీ చెట్లు నా చేను తాగుతున్నాయి అన్నా" అని ఆయన, "పొద్దుటి నీడకే అంత నష్టమా తమ్ముడూ" అని నాన్న. మాట మాట పెరిగి ఒక ఏడు పండక్కి కూడా రాకపోకలు లేవు.

నీడా, నీళ్లా? ఈ తగవుకు సరిగ్గా సరిపోయే ప్రయోగం మన హైదరాబాద్‌లోనే జరిగిందని తెలిసి నాకు ఆశ్చర్యం కలిగింది. సింగ్, ఓంగ్, సహారన్ అనే శాస్త్రజ్ఞులు సుబాబుల్ వరుసల మధ్య ఆముదం, అలసంద, జొన్న వేసి చూసి, 1989లో ఫలితాలు ప్రచురించారు. చెట్ల వరుస పక్కన పైరు తగ్గింది. అయితే చెట్టుకూ పైరుకూ మధ్య నేలలో నిలువుగా పాలిథీన్ తెర దించి వేర్లు దాటకుండా చేసినప్పుడు ఆ నష్టం పోయింది. నీడ అలాగే ఉంది, తెర వేసింది వేర్లకు మాత్రమే. అంటే వానాధారపు ఎర్ర నేలల్లో అసలు తగవు వెలుతురుది కాదు, నేలలోని తేమది.

ఈ మాట నేను ఇంట్లో చెప్పినప్పుడు నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే వాడు చెప్పింది నిజమేనన్న మాట" అన్నారు.

మా నాలుగెకరాల లెక్క

ఇక మా ఇంటి నిర్ణయానికి వస్తాను. 3 మీటర్లకు ఒకటిన్నర మీటర్లు వేస్తే ఎకరానికి 225 మొక్కలు ఎక్కువ. నాలుగెకరాలకు 900 మొక్కల ఖర్చు, గుంతల కూలి అదనం. మూడేళ్లకే కోసేట్టయితే ఒత్తు తోటకే కొంత మొగ్గు ఉంటుంది. ఎందుకంటే అది నేలను త్వరగా నింపుతుంది. నాలుగైదేళ్లు ఉంచేట్టయితే ఆ మొగ్గు కరిగిపోతుంది. పైగా కర్ర సన్నదవుతుంది. సన్న కర్ర పది ముక్కలకు బెరడు తీసే కూలి, లావు కర్ర అయిదు ముక్కలకు తీసే కూలికన్నా ఎక్కువ. మాది వానాధారపు చలక. ఎండాకాలంలో నేలలో ఉన్న తేమను ఎక్కువ నోళ్లకు పంచితే ఏ నోరూ తడవదు. ఈ నాలుగు కారణాలతో 3 మీటర్లకు 2 మీటర్లే మేలన్నాను.

రెండో ఆలోచన జంట సాళ్లు. రెండు సాళ్ల మధ్య 2 మీటర్లు, ఆ జంటకూ తర్వాతి జంటకూ మధ్య 8 మీటర్లు, సాలులో చెట్టుకూ చెట్టుకూ 1.2 మీటర్లు. లెక్క కట్టి చూడండి: చెట్టుకు వచ్చేది అదే 6 చదరపు మీటర్లు, ఎకరానికి అవే 674 చెట్లు. ప్రతి చెట్టుకూ ఒక వైపు ఖాళీ దొరుకుతుంది. మధ్య 8 మీటర్లలో మొదటి ఒకటి రెండేళ్లు పెసర, పత్తి ఏదో ఒకటి వేసుకోవచ్చు. అయితే సాలులో పక్కవాడు మరీ దగ్గరవుతాడు, కాండం కొంత ఒక పక్కకు మొగ్గవచ్చు. లాభం ఉన్నచోట నష్టం కూడా చెప్పాలి కదా.

చివరికి రెండున్నర ఎకరాలు 3 మీటర్లకు 2 మీటర్లు, బాబాయి చేను వైపు ఎకరంన్నర జంట సాళ్లు అని తేలింది. గెట్టు వెంట చెట్టు లేకుండా కొంత నేల వదిలి, వేర్లు దాటకుండా కందకం తీయాలన్నది నాన్న మాటే. కందకం ఒకసారి తీస్తే సరిపోదు, వేర్లు మళ్లీ వస్తాయి, అప్పుడప్పుడు శుభ్రం చేస్తుండాలి. సాళ్లకు తాడు పట్టిన రోజు గెట్టు వైపు కొస బాబాయే పట్టుకున్నారు. కర్ర ఎన్ని టన్నులు వస్తుందో కోతనాడు చూడాలి. రెండిళ్ల మధ్య మాటలు మాత్రం అప్పుడే మొదలయ్యాయి.

మనం చేయగలిగింది

సారాంశం ఇది. ఒక నేల మోయగల బరువుకు హద్దు ఉంది. ఆ బరువును ఎంతమందికి పంచాలన్నదే మన చేతిలో ఉన్నది. సన్న కర్ర కావాలంటే ఒత్తు మంచిదే, లావు కర్ర కావాలంటే ఎడం కావాలి, పండు కావాలంటే ఇంకా ఎడం కావాలి. కనుక "ఎంత ఎడం?" అని అడిగేముందు "నాకు ఏం కావాలి, ఎన్నేళ్లకు కావాలి, నా నేలలో నీళ్లెన్ని?" అని అడగాలి. పోటీ ముదిరి అణగిపోయిన చెట్టుకు తర్వాత ఎడం ఇచ్చినా అది త్వరగా కోలుకోదు. అందుకే ఈ ప్రశ్నలు నాటకముందే వేసుకోవాలి.

వృక్షశాస్త్రం చదివే మిత్రులకు ఒక సూచన. 1962లో నెల్డర్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు ఎడం పరీక్షించడానికి చక్కని పద్ధతి చెప్పాడు. బండి చక్రం ఆకుల్లా మధ్య నుంచి బయటికి గీతలు గీసి, వాటి మీద మొక్కలు నాటాలి. మధ్యలో ఒత్తు ఎక్కువ, బయటికి పోయేకొద్దీ ఎడం ఎక్కువ. ఎన్నో మడులు అక్కర్లేకుండా ఒకే చక్రంలో అన్ని ఎడాలూ కనపడతాయి. చెట్లతో చేయాలంటే ఏళ్లు పడుతుంది. జొన్నతోనో ముల్లంగితోనో అయితే ఒక్క సెమిస్టరు చాలు. కాలేజీ ఆవరణలో ఖాళీ నేల ఉంది, మనలో పల్లె నుంచి వచ్చి పార పట్టగలిగినవాళ్లు ఉన్నారు. వచ్చే వానాకాలం అలాంటి ఒక చక్రం వేసి, కొలతలు తీసి, వాటిని ఈ సంచికలోనే అచ్చు వేద్దాం. మన ఊళ్లకు సెలవుల్లో వెళ్లినప్పుడు చెప్పడానికి చేతిలో మన సొంత అంకెలు ఉంటాయి.